అన్నప్రాశన తరువాత

పాఠ్యభాగ పరిచయం

శిశువు పోషణ తిండిగింజలకు మాత్రమే సంబంధించిన విషయమా? ఆ గింజలను పండించి, వండి, తినిపించే స్త్రీకి ఉన్న సమయానికి, స్వాతంత్ర్యానికి కూడా సంబంధించిన విషయమా? ఈ ప్రశ్నకు సమాధానాన్ని హైదరాబాదులోని ఫిల్మ్‌నగర్‌లోను, నెల్లూరు జిల్లా దూబగుంటలోను, జహీరాబాదు పల్లెలలోను, ఆఫ్రికా ఖండంలోని మలావీ దేశంలోను వెదకడం ఈ పాఠం ఉద్దేశం. స్త్రీల సాధికారత అనే మాటకు నిత్యజీవితంలో ఉన్న అర్థాన్ని విద్యార్థులు దీనివల్ల గ్రహించగలరు.

పాఠ్యభాగం

తెలుగువారి ఇండ్లలో శిశువుకు సాధారణంగా ఆరవ నెలలో జరిపే వేడుక అన్నప్రాశన. మేనమామ ఒడిలోనో, తాతగారి ఒడిలోనో బిడ్డను కూర్చుండబెట్టి, వెండి గిన్నెలోని పాయసాన్ని నాలుకకు తాకిస్తారు. పుస్తకం, కలం, బంగారం, పూలు మొదలైనవాటిని ముందు పరచి, బిడ్డ దేనిని పట్టుకుంటే అదే రాబోయే జీవితానికి సూచన అని పెద్దలు ముచ్చటపడతారు. వేడుక ముగుస్తుంది, బంధువులు వెళ్ళిపోతారు. నిజానికి ఆ బిడ్డ భవిష్యత్తును తీర్చిదిద్దే కాలం ఆ మరునాటి ఉదయం నుండి మొదలవుతుంది.

ఆరు నెలలు నిండేదాకా శిశువుకు తల్లిపాలు తప్ప మరే ఆహారమూ అవసరం లేదని, ఆ తరువాత రెండేళ్ళు నిండేవరకు, ఆపైన కూడా, తల్లిపాలతోపాటు మెత్తని ఆహారం పెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మన పూర్వులు అన్నప్రాశనకు నిర్ణయించిన వయస్సు, నేటి శాస్త్రం చెప్పే వయస్సు దాదాపు ఒక్కటే కావడం గమనింపదగినది. శిశువు పొట్ట చిన్నది. ఒకేసారి ఎక్కువ తినలేదు. కనుక పప్పు కలిపి మెత్తగా మెదిపిన అన్నం, కొంచెం నెయ్యి లేదా నూనె, ఉడికిన ఆకుకూర, గుడ్డు, అరటిపండు వంటివి కొద్దికొద్దిగా రోజుకు మూడు నాలుగు సార్లు ఓపికతో తినిపించవలసి ఉంటుంది. గర్భంలోని తొమ్మిది నెలలు, పుట్టిన తరువాతి రెండేళ్ళు కలిసి సుమారు వెయ్యి రోజులు. పెద్దవారి మెదడు పరిమాణంలో దాదాపు 80 శాతం ఈ కాలం ముగిసేసరికే ఏర్పడుతుంది. ఈ వెయ్యి రోజులలో తగిన పోషణ లేక గిడసబారిన బిడ్డకు తరువాత ఎంత తినిపించినా ఆ లోటును పూర్తిగా పూడ్చడం కష్టం.

"అడగందే అమ్మైనా పెట్టదు" అని సామెత. పది నెలల పసికందు అడగలేదు. అడగలేని బిడ్డకు వేళకు పెట్టాలంటే అమ్మ దగ్గర ఉండాలి. ఆమె చేతిలో పెట్టదగినది ఉండాలి. ఏది కొనాలో, ఏది వండాలో, ఎవరికి ముందు పెట్టాలో నిర్ణయించే హక్కు ఆమెకు ఉండాలి. సమయం, సామగ్రి, అధికారం అనే ఈ మూడింటిలో ఏది లోపించినా ముద్ద బిడ్డ నోటికి చేరదు.

లోపం ఎంతటిదో గణాంకాలు తెలుపుతున్నాయి. 2019-21 మధ్య జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్ళలోపు పిల్లలలో 33.1 శాతం మందికి వయస్సుకు తగిన ఎత్తు లేదు, 31.8 శాతం మందికి వయస్సుకు తగిన బరువు లేదు. ఆరు నెలలు దాటి ఐదేళ్ళు నిండని పిల్లలలో 70 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎత్తు లోపించిన పిల్లలు 31.2 శాతం. దేశం మొత్తం మీద ఆరు నెలల నుండి ఇరవైమూడు నెలల వయస్సు గల పిల్లలలో తగినంత ఆహారం పొందుతున్నవారు 11.3 శాతం మాత్రమే. అంటే అన్నప్రాశన జరిగిన తొమ్మిది మంది పిల్లలలో ఇంచుమించు ఒక్కరికే ఆ తరువాత సరైన అన్నం అందుతున్నదన్నమాట. తల్లుల స్థితి కూడా ఇంతకంటె మెరుగైనది కాదు. అదే సర్వేలో తెలంగాణలోని 15-49 ఏళ్ళ స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది.

దీనికి కారణం విజ్ఞానం లేకపోవడమని చెప్పలేము. హైదరాబాదులోని తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918లో కూనూరులో చిన్న పరిశోధన కేంద్రంగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో ఈ పేరు పొందిన ఆ సంస్థ, భారతీయ ఆహారపదార్థాలలోని పోషక విలువలను పట్టికలుగా కూర్చి దేశానికి అందించింది. ఏ గింజలో ఏ సారమున్నదో తెలిసిన నగరమిది. అయినా ఆ సారం అందరి పిల్లలకు సమానంగా అందడం లేదు. ఆ తేడా కంటికి కనిపించే చోటు ఒకటి అదే నగరంలో ఉన్నది. అది జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతం.

ఒకప్పుడు ఈ ప్రాంతమంతా రాతిగుట్టలు. 1976లో అన్నపూర్ణ స్టూడియో మొదలు కావడం, ఆ తరువాత పద్మాలయ, రామానాయుడు స్టూడియోలు వెలయడం, మద్రాసులో ఉన్న తెలుగు చలనచిత్ర పరిశ్రమ క్రమంగా హైదరాబాదుకు తరలిరావడంతో ఈ గుట్టల రూపు మారిపోయింది. బండలు పగిలాయి, బాటలు పడ్డాయి, భవనాలు లేచాయి. బండలు పగులగొట్టినవారు, ఇటుకలు మోసినవారు పాలమూరు, మెదకు మొదలైన జిల్లాల పల్లెల నుండి వలస వచ్చిన కూలీలు. కొండ మీద బంగళాలు వెలిస్తే కొండవాలులో బస్తీలు వెలిశాయి. నేడు ఆ బస్తీల స్త్రీలలో అనేకులకు పైనున్న ఇండ్లలో పాచిపనే జీవిక. మరికొందరు కట్టడాల దగ్గర, షూటింగుల దగ్గర దినకూలికి పనిచేస్తారు.

అటువంటి ఒక తల్లి దినచర్యను ఊహించి చూడవచ్చు. ఆమెకు పద్నాలుగు నెలల కొడుకు, తొమ్మిదేళ్ళ కూతురు. తెల్లవారుజామున లేచి నీళ్ళు పట్టి, అన్నం వండి, ఏడు గంటలకు పనికి బయలుదేరుతుంది. మొదటి ఇంట్లో అంట్లు, రెండవ ఇంట్లో బట్టలు, మూడవ ఇంట్లో ఆ ఇంటి పసిబిడ్డకు ఉగ్గు తినిపించే పని. ఆ బిడ్డ ముద్ద ముద్దకూ మారాం చేస్తుంది. ఆమె చందమామను చూపినట్లు కిటికీలోని పావురాన్ని చూపి, కథ చెప్పి, అరగంటసేపు ఓపికగా తినిపిస్తుంది. తిరిగి ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటుతుంది. ఈలోగా ఆమె సొంత బిడ్డ అక్క చంకలో ఉన్నాడు. ఏడ్చినప్పుడు ఆ పాప టీలో బిస్కత్తు ముంచి పెట్టింది. మళ్ళీ ఏడిస్తే కిరాణా దుకాణంలో ఐదు రూపాయల చిప్సు పొట్లం కొని ఇచ్చింది. పొట్ట నిండింది, పోషణ అందలేదు. అక్క ఆ రోజు బడికి పోలేదు.

ఈ తల్లికి తెలియనిదేమీ లేదు. మరొకరి బిడ్డకు ఆమె సరైన ఆహారాన్ని, సరైన వేళకు, సరైన పద్ధతిలో పెడుతున్నది. ఆమె ఇంట్లో బియ్యం ఉన్నాయి. పప్పు కూడా ఉన్నది. తన బిడ్డకు పెట్టే సమయమే ఆమె దగ్గర లేదు. అమ్మ చేతి గోరుముద్దను మన చలనచిత్రాలు ఎన్ని విధాలుగానో కీర్తించాయి. ఆ చిత్రాలకు పుట్టినిల్లయిన చోటనే, కొండవాలులోని ఇంట్లో, మధ్యాహ్నవేళ ముద్ద పెట్టడానికి అమ్మ ఉండదు.

ప్రభుత్వం ఈ సమస్యను గుర్తించకపోలేదు. 1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం దేశమంతటా అంగన్‌వాడీలను నెలకొల్పింది. ఆహార భద్రతా చట్టం 2013లో వచ్చిన తరువాత ఆరేళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీ ద్వారా లభించే ఆహారం ఒక హక్కుగా మారింది. తెలంగాణలో చిన్నపిల్లలకు బాలామృతం అనే పొడిని ఇంటికి ఇస్తారు. ఆరోగ్యలక్ష్మి పథకం కింద 2015 నుండి గర్భిణులకు, బాలింతలకు అన్నం, పప్పు, కూర, గుడ్డు, పాలతో ఒక పూట సంపూర్ణ భోజనాన్ని కేంద్రంలోనే వడ్డించే ఏర్పాటు చేశారు. ఇవి మేలైన ఏర్పాట్లు. అయితే మూడేళ్ళు దాటిన పిల్లలే రోజూ అంగన్‌వాడీకి వచ్చి కూర్చుంటారు. అంతకంటె చిన్నవారికి పొడి ఇంటికి చేరుతుంది. దానిని కలిపి తినిపించే చేయి మాత్రం ఇంట్లో ఉండదు. మధ్యాహ్నం భోజనానికి రమ్మంటే మూడిండ్ల పని చేసే బాలింత రాలేదు. ప్రసూతి సెలవును 26 వారాలకు పెంచిన 2017 నాటి చట్ట సవరణ ఉద్యోగినులకు వరమైంది. ఇండ్లలో పనిచేసే స్త్రీలకు అందలేదు. సామగ్రి సమకూరినా సమయం సమకూరకపోవడమే బస్తీ బిడ్డ సమస్య.

సమయం తరువాత చెప్పుకోవలసినది అధికారం. ఇంటికి వచ్చిన రాబడి ఎవరి చేతిలో ఉన్నదనే దానిని బట్టి పిల్లల కంచం మారుతుందని పలు దేశాల పరిశోధనలు నిరూపించాయి. పశ్చిమాఫ్రికాలోని కోట్ దివ్వార్ దేశంలో కుటుంబాల ఖర్చులను పరిశీలించి 1995లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, రాబడిలో స్త్రీ వాటా పెరిగినకొద్దీ ఆహారంపై ఖర్చు పెరిగింది. మద్యం, పొగాకులపై ఖర్చు తగ్గింది. తెలుగునాట ఈ సత్యాన్ని పరిశోధకులకంటె ముందే పల్లె స్త్రీలు కనుగొన్నారు. 1990 తరువాత నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం సాగుతుండగా, రాత్రిబడులలో కూర్చున్న స్త్రీలు తమ బ్రతుకులను గురించి మాట్లాడుకోసాగారు. మగవారి కూలిడబ్బు సాయంకాలానికి సారా దుకాణానికి చేరుతున్నదని, పొయ్యి మీదికి ఎసరు ఎక్కడం లేదని వారికి తెలియనిది కాదు. అది తన ఒక్క ఇంటి రాత కాదని, ఊరందరిదీ అదే కథ అని మాత్రం అక్షరాల ముందు కూర్చున్నప్పుడే తెలిసింది. దూబగుంట స్త్రీలు సారా దుకాణాన్ని మూయించారు. వారిలో ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మను లోకం దూబగుంట రోశమ్మగా ఎరుగును. ఆ నిప్పురవ్వ రాష్ట్రమంతటా అంటుకొని మహోద్యమమైంది. ఫలితంగా 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రంలో సారా నిషేధం అమలులోకి వచ్చింది. సారాకు పోకుండా మిగిలిన రూపాయిని దాచుకోవడంతో నెల్లూరులో పొదుపు ఉద్యమం మొదలైంది. తరువాతి కాలంలో తెలుగు పల్లెలన్నింటా వెలసిన స్వయం సహాయక సంఘాలకు అది దారి చూపింది.

ఇక సామగ్రి మాట. హైదరాబాదు నుండి పడమటగా ముంబయి రహదారిపై సుమారు నూరు కిలోమీటర్లు పోతే జహీరాబాదు వస్తుంది. ఒకప్పటి మెదకు జిల్లాలోని ఈ ప్రాంతం 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. ఎర్రనేలలు, అరకొర వానలు, బీడుపడిన చెలకలు. బతుకుతెరువు వెదుక్కుంటూ నగరానికి వలసపోయే పల్లెలివి. 1983లో ఏర్పడిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఇక్కడి దళిత స్త్రీలను ఊరూరా సంఘాలుగా కూర్చింది. 1990ల నడుమ ఆ స్త్రీలు బీడుభూములను సాగులోకి తెచ్చే పని చేపట్టారు. దానికై తీసుకున్న అప్పును రూపాయలలో కాక జొన్నలలో తీర్చారు. ఆ జొన్నలతో ఏ ఊరి ధాన్యనిధి ఆ ఊళ్ళోనే ఏర్పడింది. కరువు నెలల్లో ఆ ధాన్యం ఎవరికి ఎంత ఇవ్వాలో నిర్ణయించినవారు కూడా ఆ స్త్రీలే. నేల మీద రంగుల ముగ్గుతో ఊరి పటం గీసి, ఏ ఇంట పొయ్యి వెలగడం లేదో గుర్తించి, మిక్కిలి పేదవారికి ముందుగా తక్కువ ధరకు గింజలు అందించారు. పేదరికం అంటే ఏమిటో బయటివారు వచ్చి చెప్పవలసిన పని లేకపోయింది.

వారి చేనులో ఒక్క పంట ఉండదు. జొన్న, కంది, పెసర, మినుము, కొర్ర, సజ్జ, అనుము, నువ్వు కలిసి పెరుగుతాయి. ఒకటి ఎండినా ఒకటి నిలుస్తుంది. విత్తకుండానే చేలలో మొలిచే దొగ్గలి కూర, గునుగు కూర వంటి ఆకులు కూడా వారి వంటలోకి చేరతాయి. ఇటువంటి ఆహారంలోని మేలును పోషకాహార పట్టికలు సమర్థిస్తున్నాయి. నూరు గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా సున్నం, అనగా కాల్షియం ఉంటే, మరపట్టిన బియ్యంలో అది 10 మిల్లీగ్రాములకు మించదు. తల్లులు చేలలో ఉన్న వేళ పసిపిల్లలను చూసుకోవడానికి సంఘాలు బాలవాడీలు నడిపాయి. అక్కడ పిల్లలు తిన్నది తల్లులు పండించిన చిరుధాన్యాల అన్నమే. గింజ, వేళ, నిర్ణయం మూడూ ఒక్క చోట కలిసిన ఏర్పాటు అది. ఈ స్త్రీలే 2008లో మాచునూరు నుండి సొంత రేడియోను నడపడం ప్రారంభించారు. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ పురస్కారం 2019లో వారి సంఘాలను వరించింది. చిరుధాన్యాల సంవత్సరంగా 2023ను ప్రపంచం జరుపుకోవడానికి ఎన్నో ఏళ్ళ ముందే ఆ గింజలను వారు నిలబెట్టారు.

ఈ సంఘాల కథలో ఫిల్మ్‌నగర్‌ను తలపించే ముచ్చట ఒకటి ఉన్నది. చదువు రాని కొందరు సంఘం స్త్రీలు వీడియో కెమెరా పట్టి చిత్రాలు తీయడం నేర్చుకున్నారు. పై నుండి కిందికి చూస్తూ తీసే దృశ్యానికి వారు "పటేల్ షాటు" అని పేరు పెట్టారు. పటేలు పేదవానిని చూసే చూపు అది. మనిషి కంటికి ఎదురుగా, సమానమైన ఎత్తులో తీసే దృశ్యానికి "సంఘం షాటు" అని పేరు. సంఘంలో అందరూ ఒకే నేల మీద ఎదురెదురుగా కూర్చుంటారు గనుక. సాధికారతకు ఇంతకంటె సులభమైన నిర్వచనం దొరకదు. పై నుండి ఇచ్చే చేయి, కింద నుండి చాచే చేయి ఉన్నంతకాలం అది దానం. ఎదురెదురుగా కూర్చుని పంచుకున్నప్పుడే అది హక్కు.

ఇదే పాఠం సముద్రాల కావల కూడా వినిపిస్తున్నది. ఆఫ్రికాలోని మలావీ దేశపు ఉత్తరభాగంలో ఎక్వెండేని అనే ఊరు ఉన్నది. అక్కడి ఆసుపత్రికి బరువు తక్కువ పిల్లలు వస్తూ ఉండేవారు. వారి ప్రధానాహారం మొక్కజొన్న పిండితో వండిన సంకటి. దానిలో పప్పు తక్కువ. 2000లో ఆసుపత్రివారు, రైతులు కలిసి ఒక ప్రయత్నం మొదలుపెట్టారు. మందులతో పాటు విత్తనాల గురించి కూడా ఆలోచించారు. ఆ విత్తనాలలో ముఖ్యమైనవి మనకు చిరపరిచితమైన కందులు, వేరుశనగలు. వాటి ఆకులను, రొట్టను నేలలో కలిపితే నేల బలపడింది. గింజలు పిల్లల గిన్నెలోకి చేరాయి. అయినా కొన్ని ఇండ్లలో అవి చేరలేదు. ఏలనగా పంటను అమ్మిన సొమ్ము ఎవరి చేతికి పోవాలి, పొలం పని పెరిగితే బిడ్డకు తినిపించేది ఎవరు, పసిబిడ్డకు పలుచని గంజి ఎప్పుడు పోయాలో చెప్పే అత్తగారి మాటకు ఎదురు చెప్పగలిగేది ఎవరు అనే ప్రశ్నలు గింజలతో తీరేవి కావు. అందువల్ల అత్తలను, కోడళ్ళను, భర్తలను ఒక్కచోట కూర్చుండబెట్టి చర్చించారు. వంటల దినాలు జరిపి మగవారిచేత కూడా వండించారు. ఈ పనిలో దీర్ఘకాలం పాల్గొన్న గ్రామాల పిల్లల ఎదుగుదల మెరుగుపడినట్లు తరువాతి పరిశీలనలో తేలింది.

దూబగుంట, జహీరాబాదు, ఎక్వెండేని ఒకదానినొకటి ఎరుగవు. అయినా మూడుచోట్లా దారి ఒక్కటే. ఆ దారి ఫిల్మ్‌నగర్ బస్తీలోని తల్లి వద్దకు ఎట్లా చేరుతుందన్నది నేటి ప్రశ్న. ఆమెకు చేను లేదు, ధాన్యనిధి లేదు. ఆమెకు అత్యవసరమైనది మూడేళ్ళలోపు పిల్లలను పగలంతా చూసుకునే శిశుసంరక్షణ కేంద్రం. 2022లో మిషన్ శక్తిలో భాగంగా రూపొందిన 'పాల్నా' పథకం అంగన్‌వాడీలోనే అటువంటి సంరక్షణను కల్పించాలని ఉద్దేశించింది. బస్తీ బస్తీకి అది చేరితే ఆమె పనికీ, బిడ్డ అన్నానికీ పోటీ తప్పుతుంది. పనిచేయించుకునే ఇండ్లవారు వారానికి ఒక సెలవును, ప్రసవించిన తరువాత జీతంతో కూడిన విశ్రాంతిని న్యాయంగా భావించి ఇవ్వవచ్చు. అన్నింటికంటె ముందు, బిడ్డకు తినిపించడం తల్లి ఒక్కదాని పని అనే భావన తొలగాలి. అన్నప్రాశన నాడు బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకున్న మేనమామకు, తాతకు, పక్కన నిలిచిన తండ్రికి మరునాడు కూడా ఆ ఒడి ఉంటుంది కదా!

ఇక్కడ మరచిపోరానిది తొమ్మిదేళ్ళ ఆ అక్క. 1970 నుండి 1995 వరకు 63 దేశాలలో పిల్లల బరువు లోపం ఎందువల్ల తగ్గిందో పరిశీలించి 2000లో వెలువరించిన అధ్యయనం ఒకటి ఉన్నది. ఆ తగ్గుదలలో 26 శాతం ఆహార లభ్యత పెరగడంవల్ల, 19 శాతం ఆరోగ్యకరమైన పరిసరాలవల్ల, 12 శాతం సమాజంలో స్త్రీ స్థాయి మెరుగుపడడంవల్ల కలిగితే, 43 శాతం స్త్రీలు చదువుకోవడంవల్ల కలిగిందని అందులో తేలింది. ఆహారంకంటె కూడా అక్షరమే ఎక్కువమంది పిల్లలకు బలాన్నిచ్చిందన్నమాట. తమ్ముణ్ణి ఎత్తుకొని ఆ పాప బడి మానిన రోజున, నేటి బిడ్డకు సరైన అన్నం అందలేదు. రేపు ఆమె కడుపున పుట్టబోయే బిడ్డకు దక్కవలసిన రక్షణ కూడా ఆ రోజే జారిపోయింది. ఒక్క పగటిలో రెండు తరాలు నష్టపోయాయి.

కళాశాల తరగతిలో కూర్చున్న ప్రతి విద్యార్థిని వెనుక, ఆమెను బడి మాన్పించని ఒక నిర్ణయం ఉన్నది. ఆ నిర్ణయం తీసుకున్నది తల్లి కావచ్చు, తండ్రి కావచ్చు, నాయనమ్మ కావచ్చు. ఆ నిర్ణయం తీసుకోగల స్థితి ప్రతి ఇంటికీ కలిగించడమే స్త్రీల సాధికారతకు అసలైన అర్థం. అప్పుడు అన్నప్రాశన ఒక్కనాటి వేడుకగా మిగలక, ప్రతి బిడ్డకు ప్రతిదినం జరిగే పనిగా మారుతుంది.

కఠిన పదాలకు అర్థాలు

ప్రాశన = తినిపించడం, తినడం
గిడసబారు = ఎదుగుదల ఆగిపోవు
సామగ్రి = కావలసిన వస్తువుల సముదాయం
జీవిక = బతుకుతెరువు
బాలింత = ఇటీవల ప్రసవించిన స్త్రీ
ఎసరు = వంట కోసం పొయ్యి మీద కాగే నీరు
చెలక = మెట్టభూమి
బీడు = సాగు చేయని నేల
రొట్ట = ఎరువుగా వేసే పచ్చి ఆకులు, కొమ్మలు
చిరపరిచితం = చాలాకాలంగా తెలిసినది

ప్రశ్నలు

అ. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. శిశువు పోషణకు సమయం, సామగ్రి, అధికారం మూడూ అవసరమని ఈ పాఠం ఏ ఉదాహరణలతో నిరూపించింది?
2. జహీరాబాదు ప్రాంతపు స్త్రీల సంఘాలు సాధించిన విజయాలను వివరించండి.

ఆ. ఈ క్రింది ప్రశ్నలకు సంక్షిప్తంగా సమాధానాలు వ్రాయండి.
1. వెయ్యి రోజుల ప్రాముఖ్యం ఏమిటి?
2. అక్షరాస్యతా ఉద్యమం సారా వ్యతిరేక ఉద్యమానికి ఎట్లా దారితీసింది?
3. ఎక్వెండేనిలో విత్తనాలు మాత్రమే చాలకపోవడానికి కారణాలేమిటి?
4. "సంఘం షాటు" అనే పేరులోని భావాన్ని తెలపండి.

ఇ. సందర్భసహిత వ్యాఖ్యలు వ్రాయండి.
1. పొట్ట నిండింది, పోషణ అందలేదు.
2. ఎదురెదురుగా కూర్చుని పంచుకున్నప్పుడే అది హక్కు.
3. ఒక్క పగటిలో రెండు తరాలు నష్టపోయాయి.

ఈ. మీ ఇంటికి సమీపంలోని అంగన్‌వాడీ కేంద్రాన్ని సందర్శించి, మూడేళ్ళలోపు పిల్లలకు అక్కడ లభించే సేవలను గురించి ఒక పుట వ్రాయండి.

వ్యాకరణం

సంధులు
పోషకాహారం = పోషక + ఆహారం – సవర్ణదీర్ఘ సంధి
మహోద్యమం = మహా + ఉద్యమం – గుణ సంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి
ఆరేళ్ళు = ఆరు + ఏళ్ళు – ఉత్వ సంధి

సమాసాలు
అన్నప్రాశన – అన్నం యొక్క ప్రాశన – షష్ఠీ తత్పురుష సమాసం
ఆరేళ్ళు – ఆరు సంఖ్య గల ఏళ్ళు – ద్విగు సమాసం
అత్తాకోడళ్ళు – అత్తయు, కోడలును – ద్వంద్వ సమాసం
చిరుధాన్యం – చిన్నదైన ధాన్యం – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం